దగ్గుకు లేచే కాలు

మామ నారప దగ్గితే ఓబులమ్మ లేచేది. ఆమె ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటినుంచీ అది అలాగే జరుగుతూ వచ్చింది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఎందుకు చేస్తున్నావని ఎవరూ అడగలేదు. పెద్దాయన తన గది గడప దాటి పడసాలలోకి రాబోయే ముందు గొంతు సవరించుకుని ఒకసారి దగ్గుతాడు. అది జబ్బు దగ్గు కాదు. ఎనభై దాటినా ఆయన ఊపిరి కమ్మరి తిత్తిలా ఆడుతూనే ఉంది. కూర్చున్న ఆడవాళ్ళు లేవడానికి, పైట సర్దుకోవడానికి, మాట్లాడుతున్నవాళ్ళు గొంతు తగ్గించడానికి వ్యవధి ఇచ్చే మర్యాద దగ్గు అది. ఆయన తండ్రి కూడా అలాగే దగ్గేవాడట. ఆ మర్యాదకు ఎదురు మర్యాదగా ఓబులమ్మ లేచి వంటింటి గడప దగ్గరికి తప్పుకునేది. ఈ రెండు మర్యాదల నడుమ ఆమె ఎడమకాలి పుండు ఏళ్ళ తరబడి మానకుండా ఉండిపోయిందన్న సంగతి వాళ్ళ ఊరు కురుగోడులో ఎవరికీ తోచలేదు.

పుండు పెద్ద కారణంతో పుట్టలేదు. ఒక ఏడాది చేలో, చీలమండకు కాస్త పైన, లోపలివైపు, జొన్నకొయ్య గీసుకుంది. ఇంకొకరికైతే నాలుగు రోజుల్లో మానిపోయేది. కాని నలుగురు బిడ్డలను మోసిన ఆ కాలిమీద అప్పటికే నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. చీలమండ చుట్టూ చర్మం పాతబెల్లం రంగుకు మారింది. గీత పుండయింది. పుండు తమలపాకంత అయింది. వేపాకు ముద్ద, పసుపు, మైలుతుత్తం, సంతలో ఒక ఫకీరు ఇచ్చిన నల్లటి లేపనం, సల్ఫా పొడి, పెన్సిలిన్ సూదులు: ప్రతి మందూ మొదట కొద్దిగా పనిచేసినట్టు కనిపించి, తర్వాత ఓడిపోయింది. వాసన పక్కవాళ్ళకు తగులుతుందేమోనని ఆమె ముందు పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానింది, తర్వాత గుడికి, ఆ తర్వాత పొరుగింటికి.

చివరికి బళ్ళారిలో ఒక పెద్ద డాక్టరు, ఇక మందులతో కాలయాపన చేసి లాభం లేదనీ, మోకాలి కింద తీసేస్తే ప్రాణానికి నిశ్చింత అనీ చెప్పాడు. తిరిగివచ్చే బస్సులో ఓబులమ్మ మోకాటిమీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది, పక్కవాళ్ళెవరో ఆ కాలు ఎత్తుకుపోతారన్నట్టు.

ఆ బస్సు దిగిన చోటనే, ఎరువుల కొట్టు పక్కన, రెండు గదుల మిద్దెలో సరోజినీదేవి కొత్తగా వైద్యశాల తెరిచింది. ఆమె తండ్రి కోస్తానుంచి వచ్చి తెక్కలకోట దాపున కాలువ కింద వరి పండిస్తున్న రైతు. ఆ కాలువ వచ్చి అప్పటికి పదేళ్ళు కాలేదు. ముప్పై ఏళ్ళ వయసులో, ఒంటరిగా, ఒక స్టవ్వూ ఒక గాజు బీరువాతో మెట్టరైతుల ఊళ్ళో వైద్యానికి కూర్చున్న ఆ అమ్మాయిని జనం ఇంకా దూరంనుంచే చూస్తున్నారు. ఓబులమ్మ భర్త పద్మనాభ మాత్రం మరి గత్యంతరం లేక భార్యను అక్కడికి తీసుకువెళ్ళాడు.

సరోజినీదేవి కట్టు విప్పింది. వాసనకు ముఖం తిప్పుకోలేదు. ఓబులమ్మ మొదట గమనించినది అదే.

"ఎన్నాళ్ళయిందండీ ఈ పుండు?"

"మా చిన్నపాప పెండ్లికి ముందరిది తల్లీ. ఆ పాపకి ఇప్పుడు ఇద్దరు పిల్లోళ్ళు."

డాక్టరు పుండును వదిలి, పాదంమీద బొటనవేలికి కొంచెం ఎగువన రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత రెండో పాదం మీద కూడా అలాగే ఆనించి చూసింది.

"నాడి బాగా కొట్టుకుంటోంది. రక్తం కిందికి సక్రమంగానే దిగుతోంది. తిరిగి పైకి ఎక్కలేక అక్కడే నిలిచిపోతోంది. ఇది తీసెయ్యవలసిన కాలు కాదు."

"మరి ఏమిటికి మానదు డాక్టరమ్మా?" అన్నాడు పద్మనాభ. "ఈ కాలికి పోసిన మందులు చేనుకి పోసింటే రెండు పంటలు వచ్చుండు."

"మీ చేలో నీళ్ళు నిలిచిపోతే విత్తనం మొలుస్తుందా?"

"యాడ మొలుస్తాది? కుళ్ళిపోతాది. కాలవ వచ్చినాంక మా దిగవ చేను అట్లనే చౌడెత్తిపాయె."

"అప్పుడు ఇంకా మంచి విత్తనం తెచ్చి చల్లారా?"

"ఎవురు సల్లుతారమ్మా, పిచ్చోళ్ళు తప్ప! ముందు నీళ్ళు తీసేకి బోదె తవ్వల్ల."

"మీరు ఇన్నాళ్ళూ ఈ కాలికి విత్తనాలు మారుస్తూ వచ్చారు. నేను ముందు నీళ్ళు తీస్తాను."

పద్మనాభ భార్య వైపు చూశాడు. ఓబులమ్మ తన కాలి వైపు, మొదటిసారి చూస్తున్నట్టు, చూసుకుంది.

వైద్యం వాళ్ళు ఊహించినంత గొప్పగా లేదు. మరగబెట్టి చల్లార్చిన ఉప్పునీళ్ళతో పుండు కడగడం, జింకు ముద్ద పట్టించిన మెత్తటి గుడ్డ పరచడం, సాగే గుడ్డపట్టీతో కాలివేళ్ళ మొదటినుంచి మోకాలి దాకా బిగువుగా చుట్టడం, అంతే. చుట్టడంలో మాత్రం సరోజినీదేవి కంసాలిలా నిదానంగా, ఒక్కొక్క చుట్టూ కిందటి చుట్టును సగం కప్పేటట్టు, కింద బిగువు ఎక్కువ, పైకి పోను పోను తక్కువ అయ్యేటట్టు పనిచేసింది. ఆ తర్వాత అసలు మందు చెప్పింది.

"మంచం కోళ్ళలో కాళ్ళవైపు రెండింటి కిందా ఇటుకలు పెట్టించండి. కాలు గుండెకంటే ఎత్తున ఉండాలి. పగలూ రాత్రీ. నడవవలసి వస్తే నడవండి, పరవాలేదు. నిలబడడం మాత్రం వద్దు. ఈ కాలికి నిలబడడం కంటే విషం లేదు. జొన్నకోతల దాకా నాకు గడువివ్వండి. అప్పటికి పుండు అంచులు లోపలికి జరగకపోతే బళ్ళారి డాక్టరు గారి మాటకు నేను అడ్డు రాను."

దీపావళి వెళ్ళిన కొత్తల్లో మొదలైన వైద్యం. జొన్న వెన్ను పట్టింది, పాలు పోసుకుంది. పుండు మాత్రం తమలపాకంతగానే ఉంది. వారం వారం బండి కట్టించుకుని వచ్చే ఓబులమ్మ కట్టు ప్రతిసారీ తడిసే ఉండేది. విప్పితే చీలమండ దగ్గర వాపు, వేలితో నొక్కితే గుంట.

"మీరు కాలు ఎత్తి పెట్టుకోవడం లేదు," అంది సరోజినీదేవి ఒకనాడు, ఓపిక నశించి.

"పెట్టుకుంటాండా తల్లీ. మా ఓబులేసుని మింద ఆన."

"కాలు అబద్ధం చెప్పదు ఓబులమ్మగారూ."

"నా కాలూ నిజమే సెప్తాండాది, నేనూ నిజమే సెప్తాండా. మా ఇద్దురి నడమ నువ్వే ఏదో ఒగటి తేల్చల్ల."

ఆ మాటలోని నిష్కపటం డాక్టరును ఆలోచింపజేసింది. అబద్ధమాడేవాళ్ళు అంత తీరికగా మాట్లాడరు. మరునాడు ఉదయం ఆమె కబురు చెయ్యకుండా నారప ఇంటికి వెళ్ళింది.

పడసాలలో మంచం ఉంది. కోళ్ళ కింద ఇటుకలున్నాయి. వేరుశనగ పొట్టు నింపిన దిండుమీద కాలు చాపుకుని ఓబులమ్మ వెల్లకిలా పడుకునే ఉంది. కాని డాక్టరు గడప దాటిందో లేదో, ఆమె చప్పున కాళ్ళు దించి లేచి నిలబడింది.

"పడుకోండి, పడుకోండి! నేను లేననుకోండి."

"అట్ల ఎట్ల అనుకునేకి అయితాదమ్మా, వచ్చినోళ్ళని!"

బలవంతాన పడుకోబెట్టి, సరోజినీదేవి పక్కన కుర్చీలో కూర్చుని గమనించసాగింది. ఒక జంగమయ్య వీధి గుమ్మంలో గంట వాయించాడు, ఓబులమ్మ లేచింది. జంగమయ్యకు జొన్నలు పోసింది పనిమనిషి మారెక్క. అయినా ఆయన వెళ్ళిపోయేదాకా ఓబులమ్మ నిలబడే ఉంది. ఎదురింట్లో ఉండే రామసుబ్బమ్మ, అంటే నారప చెల్లెలు, విధవరాలు, నిప్పుకోసం వచ్చింది, ఓబులమ్మ లేచింది. భర్త పొలంనుంచి ఒక ముసలిరైతును వెంటబెట్టుకుని వచ్చాడు, లేచింది.

"మా యమ్మ మంచంలో నల్లులు శానా ఉండాయి డాక్టరమ్మా," అంది మారెక్క రొట్టెలు తడుతూ. "అవి మనుషులు వచ్చినప్పుడు మాత్రం కుడతాయి."

ఇంతలో ఉత్తరపు గదిలోంచి దగ్గు వినిపించింది. ఓబులమ్మ లేచిన వేగం ఈసారి వేరుగా ఉంది. దిండు జారి నేలమీద పడింది. గడపలో పొడవాటి ముసలాయన తెల్లటి తలపాగాతో ప్రత్యక్షమై, డాక్టరును చూసి తల పంకించి, వీధి అరుగు మీదికి వెళ్ళిపోయాడు. ఆయన గడప దాటిన తర్వాత సరోజినీదేవి ఒక వింత గ్రహించింది. తాను కూడా కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది.

ఆమె నెమ్మదిగా మళ్ళీ కూర్చుంది.

"రోజూ ఇంతేనా?"

"ఇంటికి మనిషి రాకుండా ఉంటాడామ్మా? ఎవురూ లేనప్పుడు ఎత్తే పెట్టుకుంటాండా. నేను ఆన తప్పలేదు."

"అయితే మంచం లోపలి గదిలోకి మార్చండి."

"దాంట్లో దూలాల దాకా వేరుశనగ బస్తాలుండాయి."

"పోనీ, మంచం ఇటు తిప్పండి. పాదాలు గుమ్మం వైపు ఉండబట్టే గదా వచ్చేవాళ్ళకు ఎదురవుతున్నాయి?"

"పడమటికి తిప్పితే కాళ్ళు దేవుని గూటి తట్టు వస్తాయి." ఓబులమ్మ చెయ్యెత్తి చూపింది. పడమటి గోడలోని గూట్లో, నూనె దీపం వెనక, అరచేతి ఎత్తున నల్లరాతి నరసింహుడు, వాళ్ళ ఓబులేసుడు, ఉన్నాడు.

"ఉత్తరానికి?"

"మా మామ గది ఆడుండాది."

"దక్షిణానికి?"

ఓబులమ్మ చెవులు మూసుకుంది. మారెక్క జవాబిచ్చింది: "తల ఉత్తరానికి పెట్టేది పీనుగకి గదమ్మా! ఇంగా కాలే పోలేదు, మనిషిని పంపిస్తావా యేంది?"

నాలుగు దిక్కులూ అలా మూసుకుపోయాయి. సరోజినీదేవి చదువుకున్న గ్రంథాలలో పుండు లోతు గురించి, అంచుల గురించి, సిరలలోని కవాటాల గురించి ఎంతో ఉంది. పాదాలు ఏ దిక్కుకు చాపాలన్న సమస్య ఎక్కడా లేదు. ఆమె లేచి అరుగు మీదికి వెళ్ళింది.

నారప అంతా విన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. అది ఎవరిమీదో ఆయనకే తెలియలేదు.

"నేను లెయ్యమంటినా? ఏ పొద్దన్నా అంటినా? ఆడకూతురు ఏ పనిలో ఉండాదో ఏమో, సప్పుడు లేకుండా పోతే మర్యాద గాదని దగ్గుతాను. ఆయమ్మ ఇబ్బంది పడగూడదనే గదా దగ్గేది!"

"తెలుసు తాతగారూ. ఆవిడా మీకు ఇబ్బంది కలగకూడదనే లేస్తోంది. ఇలాగే ఇంకొన్నాళ్ళు ఒకరికొకరు ఇబ్బంది కలగకుండా చూసుకుంటే కాలు పోతుంది."

ఆయన కోడలితో నేరుగా ఎన్నడూ మాట్లాడలేదు. పడసాల గోడవైపు తిరిగి గాలితో చెప్పాడు: "పద్మనాభ పెండ్లానికి సెప్పండి. నేను వచ్చినా, ఎవురు వచ్చినా, లేసేది లేదు."

"సరే మామా అన్నానని సెప్పు మారెక్కా," అంది ఓబులమ్మ, అప్పటికే నిలబడి.

ఆజ్ఞ పనిచెయ్యలేదు. దగ్గు వినబడగానే ఆమె మనసు 'వద్దు' అనేలోపల కాళ్ళు నేలను తాకేవి. నారప దగ్గడం మానేశాడు. అది మరింత చేటు చేసింది. ఒక ఉదయం ఆయన చప్పుడు లేకుండా గడప దాటేసరికి, మారెక్క కట్టు విప్పి ఉప్పునీళ్ళతో పుండు కడుగుతోంది. ఓబులమ్మ ఆయనను చూసి ఒక్క ఉదుటున లేచింది. కాలు మంచం కోడుకు తగిలింది. పుండులోంచి రక్తం పాదం మీదికి కారింది.

ఆమె ఆ ఇంట అడుగుపెట్టిన తర్వాత నారప ఆమె పాదాన్ని చూడడం అదే మొదటిసారి. పచ్చిగా, చెమ్మగా, తడిపిన ఎర్రమట్టిలా ఉన్న ఆ చోటు ఆయన కళ్ళలో పడింది. ఆయన వెనక్కి తిరిగి గదిలోకి పోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన తన నులకమంచమూ కంబళీ ఎద్దుల కొట్టంలోకి మోయించుకున్నాడు. ఉత్తరపు గది ఖాళీ అయింది.

"ఇంగ ఆ తట్టుకి కాళ్ళు చాపుకోమను," అన్నాడు కొడుకుతో.

రామసుబ్బమ్మ ఊరుకోలేదు. మరునాడు నిప్పుకోసం వచ్చి, కొట్టం వైపు ఒకసారి, మంచం వైపు ఒకసారి చూసింది.

"బాగుండాది కోడలా నీ వైద్యం! నీ కాలు మిందికి ఎక్కె, మీ మామ కొట్టంలోకి దిగె. ఇంగో నాలుగు దినాలు పోతే ఆయప్పని చేనులో పండబెడతావేమో. ఊరంతా అదే మాట. ఇజ్జత్ అంతా ఎద్దులకిచ్చి మీరేం ఉంచుకుంటిరి?"

"నేను అంటినా అత్తా, పొమ్మని?"

"నువ్వెందుకంటావు? నీ కాలు అనె."

ఆ రోజంతా ఓబులమ్మ మంచం ఎక్కలేదు. పొయ్యి దగ్గర నిలబడి తానే రొట్టెలు తట్టింది. సాయంకాలానికి కట్టు తడిసి పసుపు మరక బయటికి వచ్చింది. పొద్దు గుంకే వేళ భర్తతో ఒక్క మాట చెప్పింది. "తెల్లారితే బండి కట్టు. బళ్ళారికి పోతాం. తీసేయమంటా."

"అంత మాట యాలనే? జొన్నకోతల దాకా గడువుంది గదా!"

"గడువు నా కాలికి ఉండాది. ఆ ముసలాయన చలికి లేదు. కొట్టంలో దోమలు, తేళ్ళు. ఏమన్నా అయితే ఆ నింద మోసేకి నాకి రెండు కాళ్ళూ సాలవు."

పద్మనాభకు తండ్రికి చెప్పే ధైర్యం లేదు, భార్యను ఆపే మాట లేదు. తెల్లవారేసరికి బండి కట్టాడు.

ఎద్దులను విప్పుతున్నప్పుడే నారపకు మెలకువ వచ్చింది. ఆయన కొట్టం వాకిట్లోకి వచ్చి చూశాడు. గడ్డి పరిచిన బండిలో ఓబులమ్మ కూర్చుని ఉంది, కొంగు తల నిండా కప్పుకుని.

"యాడికి?"

"బళ్ళారికి నాయనా. కాలు తీపిచ్చుకుంటాదంట."

"ఎవురు సెప్పినారు?"

"ఆమెనే."

నారప బండి వెనకవైపుకు నడిచాడు. ఆయన దగ్గరికి వస్తున్నది చూసి ఓబులమ్మ బండిపట్టె పట్టుకుని, ఆ కాలినే ముందు కిందికి దించి, దిగబోయింది. ఆ కాలు తీయించుకోవడానికి పోతున్న మనిషి ఆ కాలిమీదే ఆయన ముందు నిలబడడానికి దిగుతోంది.

పెద్దాయన నిలిచిపోయాడు. మరుక్షణం గిరుక్కున వెనుదిరిగి, బండికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"నేను నీ తట్టు సూసేది లేదు. నువ్వు దిగేది లేదు. అట్లే కూసో."

ఎద్దుల మెడగంటలు ఒకసారి మోగి ఊరుకున్నాయి. ఓబులమ్మ పాదం గాలిలోనే కాసేపు తచ్చాడి, తిరిగి గడ్డిలోకి పోయింది. ఎదుట ముఖం లేదు. తెల్లటి తలపాగా, వంగిన భుజాలు మాత్రమే ఉన్నాయి. ఆ వీపుతో మాట్లాడడం ఆమెకు అంత కష్టమనిపించలేదు.

"నా కాలికోసరం మీరు కొట్టంలో పండుకుంటే ఊరు నన్నేమంటాది మామా? ఆ మాట కన్నా కాలు లేకుండా ఉండేదే మేలు."

"ఊరు నీ పుండు సూసిందా?"

"లేదు."

"నేను సూసినాను." ఆయనకు దగ్గు రాబోయింది, మింగేశాడు. "ఇన్నేండ్లు నేను దగ్గినప్పుడల్లా, దాని మిందనేనా అమ్మీ నువ్వు లేచిండేది?"

ఓబులమ్మ చీర కుచ్చెళ్ళు లాగి కట్టుమీది పసుపు మరకను కప్పుకుంది. 

"బండి విప్పురా," అన్నాడు కొడుకుతో. "వీపు తిప్పుకుంటే సరిపోయేదానికి కాలు తీస్తారంట, కాలు!"

ఆయన సరాసరి బావి దగ్గరికి పోయి నాలుగు చేదల నీళ్ళు తలమీద పోసుకున్నాడు. తడిబట్టతో పడసాలలోకి వచ్చి, పడమటి గూటి ముందు నిలబడి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. తర్వాత రెండు చేతులతో నల్లరాతి నరసింహుణ్ణి ఎత్తి గుండెకు హత్తుకున్నాడు.

వీధి గుమ్మంలో రామసుబ్బమ్మ కెవ్వుమంది. "అన్నా! దేవుని యాడికి ఎత్తకపోతాండావు? మన జేజి కాపురానికి వచ్చిన నాటినుంచి కదలని దేవుడు!"

"మన జేజి నాటికి ముందర యాడుండె? అహోబిలం కొండలోనుంచి గోనెసంచిలో, ఎద్దుమింద, ఇంత దూరం వచ్చినాడు ఈయప్ప. అంత దూరం వచ్చినోడు ఒగ గోడనుంచి ఇంగో గోడకి రాలేడా?"

"ఇంట్లో అరిష్టం అయితాది."

"అయింది గదా. ఇన్నేండ్లుగా అయితానే ఉండాది. మన కండ్లకి కనపడలే." ఆయన తన గది వైపు నడిచాడు. "నా గదిలోనూ పడమటి గోడ ఉండాది. ఈయప్పా తూరుపే సూస్తాడు, నేనూ ఈయప్పనే సూస్తా. మారెక్కా, నా మంచం కొట్టంలోనుంచి తెప్పీ. ఎద్దులకి నా గురక పడలేదంట."

అలా పడమటి గోడ ఖాళీ అయింది. మంచం తిప్పారు: తల తూర్పుకు, అంటే వీధి గుమ్మం వైపు, పాదాలు ఖాళీ గూటి వైపు. ఇప్పుడు వచ్చేవాళ్ళంతా ఓబులమ్మ తలవెనకనుంచి వస్తారు. వాళ్ళ ముఖం ఆమెకు కనబడదు, ఆమె పాదాలు వాళ్ళకు ఎదురు కావు. అయినా చెవులున్నాయి గదా! అడుగుల చప్పుడు వింటే చాలు, ఆమె మోచేతులమీద లేవబోయేది.

దానికీ నారపే ఉపాయం కనిపెట్టాడు. ఆ సాయంకాలం ఆయన గది గడప దగ్గర ఆగి, దగ్గుకు బదులు గట్టిగా అన్నాడు: "నేను రాలేదు!"

ఓబులమ్మ మోచేతులమీద సగం లేచి, అక్కడే ఆగిపోయింది. రాని మనిషి కోసం ఎలా లేస్తారు? మారెక్క కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. ఆయన తాపీగా నడిచివచ్చి, మంచం తలవైపు, గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు.

"రాలేదు గదా?" అన్నాడు.

"రాలేదు మామా," అంది ఓబులమ్మ పైకప్పు వైపు చూస్తూ.

 తర్వాత ఆయన దిగువ చేను సంగతి ఎత్తాడు. చౌడు తీసెయ్యడానికి ఏ పక్క బోదె తవ్వితే మేలు అన్నాడు. ఆమె, ఎన్నో ఏళ్ళుగా ఆ చేలో కలుపు తీసిన మనిషి, నీళ్ళు ఏ మూలకు వాలతాయో చెప్పింది. ఇంత తెలిసిన మనిషి తన ఇంట్లోనే ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. తెలిసే మార్గం కూడా లేకపోయింది: ఆయన వస్తే ఆమె వెళ్ళిపోయేది.

'నేను రాలేదు' అన్న ఆ మాట ఇంటిలోంచి వీధిలోకి పోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. జంగమయ్య గంట వాయించి, "నేను రాలేదమ్మా, జొన్నలు మాత్రం పోయించు," అనసాగాడు. ముసలిరైతులు గడపలో చెప్పులు విడుస్తూ, "ఎవురూ రాలే, ఎవురూ రాలే," అని నవ్వేవాళ్ళు. రామసుబ్బమ్మ కొంతకాలం నిప్పు ఇంకో ఇంట్లో తెచ్చుకుంది. తర్వాత ఒకనాడు గుమ్మంలో నిలబడి, ముఖం పక్కకు పెట్టుకుని, "నేనూ రాలేదులే," అంది, ఎవరో బలవంతాన అనిపించినట్టు. ఆ రోజు ఆమె నిప్పు తీసుకుని వెంటనే వెళ్ళిపోలేదు. మంచం పక్కన కూర్చుని, ఉప్పునీళ్ళ గిన్నె అందించింది.

కట్టు తడవడం తగ్గింది. వాపు దిగి, చీలమండ ఎముక చాలాకాలానికి బయటపడింది; ఓబులమ్మ దాన్ని వేలితో తడిమి, దూరదేశం పోయి వచ్చిన బంధువును చూసినట్టు చూసింది. పుండు అడుగున పసుపు పొర పోయి, దానిమ్మ గింజల్లాంటి ఎరుపు వచ్చింది. ఆపైన అంచుల్లో గులాబిరంగు పలచటి చర్మం, పాలమీద మీగడ కట్టినట్టు, లోపలికి పాకడం మొదలుపెట్టింది.

జొన్నకోతలు వచ్చాయి. సరోజినీదేవి గడువు మాట గుర్తుపెట్టుకుని, బండికోసం ఎదురుచూడకుండా తానే నడిచివచ్చింది. గడపలో ఆగి, కొంచెం సిగ్గుపడుతూ, "నేను రాలేదండీ," అంది. కట్టు విప్పింది. తమలపాకంత పుండు చింతగింజంత అయింది.

 మొదటి రోజులాగే పాదం మీద రెండు వేళ్ళు ఆనించి నాడి చూసింది. అవసరం ఉండి కాదు.

"ఇక బళ్ళారి ప్రయాణం లేదు," అంది చివరికి. "కాని ఒక మాట. పుండు మానినా కాలు మారదు. పొద్దున మంచం దిగకముందే కట్టు చుట్టుకోవాలి, ఎప్పటికీ. రోజులో కాసేపు కాలు ఎత్తిపెట్టాలి, ఎప్పటికీ."

"ఎప్పటికీ అంటే, మేము బతికినంత కాలమూ రాకుండా ఉండల్ల," అన్నాడు తలవైపునుంచి నారప. "పరవాగిల్ల. అలవాటైంది."

ఉగాది నాటికి చింతగింజ కూడా మూసుకుపోయింది. ఆ చోట చర్మం ఉల్లిపొరలా పలచగా మెరుస్తోంది. ఓబులమ్మ వీధి చివరి గుడి దాకా నడిచివెళ్ళి వచ్చింది. నిలబడకుండా, డాక్టరు చెప్పినట్టు, నడుస్తూనే దణ్ణం పెట్టుకుంది. పండుగ పూట పద్మనాభ తండ్రిని అడిగాడు: "ఇంగ దేవుని పాత గూట్లోకి తెద్దామా నాయనా?"

"ఆయప్పకి నా గదిలో గాలి బాగుండాది. సుమ్మనే ఉండు, కదిలించొద్దు."

పాత గూట్లో అప్పటికే ఉతికి ఆరబెట్టి చుట్టిన గుడ్డపట్టీలు వరుసగా ఉన్నాయి. వాటి పక్కన జింకు ముద్ద డబ్బా, ఉప్పు జాడీ. దీపం మసి మాత్రం గూటి పైభాగాన అలాగే ఉంది. మారెక్క దాన్ని తుడవలేదు.

ఆ మధ్యాహ్నం పండుగకు చేసిన ఓబట్లు తిని, అందరూ కాస్త నడుం వాల్చిన వేళ, ఓబులమ్మ దిండుమీద కాలు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఉత్తరపు గదిలోంచి దగ్గు వినిపించింది. అది మర్యాద దగ్గే. తిండి మత్తులో పెద్దాయన కొత్త మాట మరిచి పాత అలవాటులోకి జారిపోయాడు. దిండుమీద ఆమె పాదం ఒక్కసారి ఉలిక్కిపడింది, బొటనవేలు కదిలింది.

గడపలో నారప నాలుక కరుచుకుని నిలబడ్డాడు.

పాదం దిండుమీదే ఉండిపోయింది.

"నేను లెయ్యలేదు మామా," అంది ఓబులమ్మ, కళ్ళు తెరవకుండానే.

"నేనూ రాలేదు గదా," అన్నాడాయన. వచ్చి తలవైపు కూర్చున్నాడు.